ఊటవాగు మొదలు దాకా

మధిర

ఎనభైల చివర ఒక ఫిబ్రవరిలో మా జూనియర్ కాలేజీ అడ్రసుకి నా పేరు మీద ఒక పోస్టుకార్డు వచ్చింది. అంతకు పదిహేను రోజుల ముందు రేడియోలో రైతుల కార్యక్రమంలో పది నిమిషాలు మాట్లాడాను. కొండ మీద చెట్లు పోతే కింద వాగులో నీళ్ళెందుకు తగ్గుతాయో చెప్పాను. క్లాసులో రోజూ చెప్పే వృక్షశాస్త్రమే కాబట్టి పెద్దగా కష్టపడలేదు. దాన్ని ఎవరైనా విని ఉంటారని కూడా అనుకోలేదు.

కార్డు మీద అక్షరాలు గుండ్రంగా, ఒత్తి రాసినట్టు ఉన్నాయి. "అమ్మా, మీ మాటలు మేము ఆరుగురం కూర్చుని విన్నాము. మా ఊరి వాగు అట్లనే ఎండిపోతున్నది. మేము చెప్తే పెద్దలు వింటలేరు. మీరు ఒక్కసారి వచ్చి చెప్పగలరా? చర్లల బస్సు దిగితే మేము వచ్చి తీసుకపోతాము. ఇట్లు, సమ్మక్క, పదో తరగతి పాస్, ఊటగుంపు."

ఆ కార్డును మూడు రోజులు పుస్తకంలో పెట్టుకుని తిరిగాను. నాకప్పటికి నలభై రెండేళ్ళు. పెళ్ళి చేసుకోలేదు, అన్నయ్య కుటుంబంతోనే ఉండేదాన్ని. మా తాతగారు కృష్ణా జిల్లా నుంచి వచ్చి మధిర దగ్గర భూమి కొన్నారు. వరి, పత్తి తప్ప మా ఇంట్లో వేరే మాట వినపడేది కాదు. అడవి అంటే మాకు భద్రాచలం వెళ్ళేటప్పుడు బస్సు కిటికీలోంచి కనిపించేదే.

"ఆ పక్క పోలీసులంటారు, అన్నలంటారు. ఒక్కదానివే ఎందుకమ్మా?" అన్నాడు అన్నయ్య.

"పిల్లలు పిలిచారు కదా అన్నయ్యా. రానని రాయడానికి మనసొప్పడం లేదు" అన్నాను.

మార్చి చివర, ఇంటర్ పరీక్షలు అయిపోగానే బయలుదేరాను. ఉత్త చేతులతో వెళ్ళడం బాగుండదని నర్సరీ నుంచి నలభై టేకు మొక్కలు కొని వెదురు బుట్టలో సర్దుకున్నాను. ఆ బుట్ట ఎంత పని చేస్తుందో అప్పుడు తెలియదు.

ఇల్లందు

ఖమ్మం దాకా ప్యాసింజరు రైల్లో బాగానే వెళ్ళాను. అక్కడ ఎర్రబస్సు కండక్టరు బుట్టను చూసి లగేజీ టికెట్టు కొట్టాడు. పెట్టడానికి మాత్రం చోటు చూపించలేదు. పక్క సీట్లో ఉన్న యాభై ఏళ్ళాయన చేతులు చాచి, "గిట్ల ఇయ్యమ్మా, ఒళ్ళె పెట్టుకుంట" అన్నాడు. ఇల్లందు దాకా ఆ బుట్ట ఆయన ఒళ్ళోనే ప్రయాణం చేసింది. ఆయన పేరు రాజయ్య. బొగ్గు బాయిలో పని.

ఇల్లందు ఇంకా మూడు మైళ్ళుందనగా టైరు పంక్చరైంది. స్పేరు టైరులో కూడా గాలి లేదు. ఇంకో బస్సు వచ్చి మమ్మల్ని ఎక్కించుకునేసరికి పొద్దు వాలింది, కొత్తగూడెం బస్సు వెళ్ళిపోయింది. "మా ఇంటికి రాండ్రి. మా ఇంటామె ఉంటది, భయం లేదు" అన్నాడు రాజయ్య.

గని కార్మికుల క్వార్టర్లు వరుసగా ఒకే తీరుగా ఉన్నాయి. ఆరేసిన తెల్లచీర మీద కూడా సన్నటి నల్ల దుమ్ము. మా ఊళ్ళో పనులు ఎండను బట్టి సాగుతాయి. అక్కడ సైరన్ మోగితే ఒక వరుస మగవాళ్ళు అన్నం క్యారియర్లు పట్టుకుని బయటికొస్తారు, ఇంకో వరుస ఇళ్ళలోకి వెళ్తారు. రాజయ్య భార్య లక్ష్మమ్మ ఎండుచేపల పులుసు, అన్నం పెట్టింది. నేను చేపలు తినను. మొహమాటపడుతూ చెప్పాను. ఆమె ఏమీ అనుకోకుండా పక్కింటికి వెళ్ళి పప్పు అడిగి తెచ్చింది.

నేను మొక్కల పాఠాలు చెబుతానని తెలిసి రాజయ్య అటక మీంచి ఒక గుడ్డమూట దించాడు. అందులో అరచేయంత నల్లరాయి. దాని మీద ఈనెలతో సహా ఒక ఆకు అచ్చు.

"మూడు వందల అడుగుల కింద దొరికింది. గక్కడ గూడ ఎప్పుడో అడివున్నదంటరు. నిజమేనా మేడం?"

నిజమేనని చెప్పి, ఆ ఆకు ఎన్ని కోట్ల ఏళ్ళ నాటిదో వివరించబోయాను. ఆయన ఆ అంకెల జోలికి పోలేదు. "ముప్పై ఏండ్ల సంది తవ్వుతున్న. అది చూసినంక జర మెల్లగ తవ్వబుద్ధైంది. కని మెల్లగ తవ్వితె జీతమెవరిస్తరు?" అన్నాడు. పుస్తకాల్లో బొమ్మలు చూపించి పద్దెనిమిదేళ్ళు పాఠం చెప్పిన నేను అలాంటి ఆకును చేత్తో తాకడం అదే మొదలు.

భద్రాచలం

మరునాడు మధ్యాహ్నానికి గోదావరి వంతెన దాటాను. నది సగం ఇసుకే. ఇసుక తిన్నెల మీద పుచ్చపాదులు వేశారు. సత్రంలో దిగి, బుట్టలోని మొక్కలకు నీళ్ళు చల్లాను. అప్పటికే పదికి పైగా తలలు వాల్చాయి. సత్రం ఊడ్చే ముసలమ్మ నా పక్కన నిలబడి కాసేపు చూసింది.

"ఎండల్ల మొక్కలు ఏడికి తీస్కపోతున్నవు బిడ్డా?"

"నాటడానికమ్మా."

"వానలు జూన్ల గద వచ్చేది" అని ఊడ్చుకుంటూ వెళ్ళిపోయింది.

మొక్కలు ఎప్పుడు నాటాలో పిల్లలకు పరీక్షలో ప్రశ్న ఇచ్చినదాన్ని. మార్చి ఎండలో నలభై మొక్కలు మోసుకుపోతున్నాను. సిగ్గనిపించింది. అయినా పారేయడానికి మనసు రాలేదు.

మర్నాడు పొద్దున హోటల్లో రూపాయికి నాలుగిడ్లీలు పెట్టారు. మధిరలో అయితే ఆ సైజువి రెండే. చట్నీ మాత్రం మనదే బాగుంటుంది.

చర్ల

నేను చర్లలో బస్సు దిగిన రోజు సంత. సంత మొదట్లోనే పోలీసులు బస్సు ఆపి సామాను చూశారు. నా బుట్టను ఒక కానిస్టేబులు లాఠీతో కదిపి, ఏ ఊరికి, ఎందుకు, ఎవరు పిలిచారు అని వరుసగా అడిగాడు. పోస్టుకార్డు చూపించాను. రెండుసార్లు చదివి, "వాగు గురించా?" అన్నాడు. అవునన్నాను. "మా క్యాంపు బోరు గూడ ఎండింది" అని కార్డు తిరిగిచ్చాడు.

సంతలో ఇప్పపూల కుప్పలు తియ్యగా, కొంచెం పులిసిన వాసన వేస్తున్నాయి. ఉప్పు అమ్మే షావుకారు ఒక సోలెడు ఉప్పుకి రెండు సోలెల ఇప్పపూలు కొలుచుకుంటున్నాడు. అమ్మే ఆడవాళ్ళు కొలతను చూస్తున్నారే గాని అడగడం లేదు. మా వైపు పత్తి తూకం దగ్గర ఎంత గొడవవుతుందో గుర్తొచ్చింది.

"పద్మావతి మేడమేనా?"

వెనక్కి తిరిగితే నీలం లంగా ఓణీ వేసుకున్న పిల్ల. పద్దెనిమిదేళ్ళుంటాయి. సన్నగా, నిటారుగా ఉంది. ఉత్తరం చదివి నేను ఊహించుకున్న సమ్మక్క కొంచెం బెరుకుగా ఉండేది. ఈమె నా చేతిలో బుట్ట లాక్కుని అప్పటికే నెత్తి మీద పెట్టుకుంది. పక్కన ఆమె స్నేహితుడు కన్నయ్య, ఇరవై ఏళ్ళవాడు, భుజాన ట్రాన్సిస్టర్ వేలాడుతోంది. నా మాటలు విన్నది దాంట్లోనేనట.

ఊటగుంపు

ఆరు మైళ్ళ నడక. రెండో వాగు దాటేటప్పుడు నా చెప్పు తెగింది. కన్నయ్య దారి పక్కన తీగ తెంపి కట్టిచ్చాడు. అది మరుసటి రోజు దాకా నిలిచింది.

నడుస్తూనే అసలు సంగతి చెప్పారు. ఊటగుంపులో ముప్పై ఇళ్ళు, అందరూ కోయలు. ఊరి వెనక గుట్ట, గుట్ట మధ్యలో ఊట, ఆ ఊట నుంచే వాగు. గుట్టకు ఒక పక్క అడవిని నరికి, కాల్చి పోడు చేశారు. రెండేళ్ళకు ఊట సన్నబడింది. కిందటి ఎండాకాలం వాగు ఎండిపోయి ఆడవాళ్ళు ఇసుకలో చెలమలు తవ్వి నీళ్ళు తోడారు. ఆ నీళ్ళు తాగి ఊరంతా విరేచనాలు. కన్నయ్య అన్న కొడుకు, ఏడాది పిల్లాడు, చర్ల దవాఖానాకు తీసుకుపోతుంటే దారిలోనే పోయాడు.

"ఇగో, ఈ మలుపు కాడ" అన్నాడు కన్నయ్య. ఆగకుండా నడిచాడు.

ఆ తరవాతే ఆరుగురూ కూడారు. ఊట చుట్టూ ముళ్ళకంప వేసి మేకలు రాకుండా చూశారు, వాన నీరు నిలవడానికి గుంటలు తవ్వారు. ఊరివాళ్ళు నవ్వారు. ఇప్పుడు గుట్ట రెండో పక్కన, సరిగ్గా ఊట పైన, ఇద్దరు పోడుకు చెట్లు గుర్తు పెట్టుకున్నారు. వాళ్ళ పద్ధతిలో గొడ్డలితో చెట్టుకి ఒక గాటు పెడితే ఆ జాగా ఆ ఇంటిది. ఇంకెవరూ అక్కడికి రారు.

"ఎవరా ఇద్దరూ?" అన్నాను.

సమ్మక్క బుట్ట సర్దుకుంది. "ముత్తమ్మ అత్త ఒకామె. మొగడు లేడు, ముగ్గురు పిల్లలు. ఇంకొకాయన మా నాయన."

వాళ్ళ ఇంటి చూరు కింద కూర్చున్నాక జొన్నజావ ఇచ్చారు. రాత్రికి చింతగింజలు వేసి ఉడికించిన ఇప్పపూలు. ఇష్టంగా రెండుసార్లు పెట్టించుకున్నాను, తెల్లారి కడుపు దాని సంగతి చెప్పింది. సమ్మక్క తల్లి నవ్వుకుంటూ వాము నీళ్ళు కాచి ఇచ్చింది. తండ్రి భీమయ్య నాకు మంచం వాల్చి, నీళ్ళు అందించి, మర్యాదగా ఎదురుగా కూర్చున్నాడు. కూతురితో మాత్రం మాట్లాడలేదు. నెల రోజులుగా మాట్లాడడం లేదని తరవాత తెలిసింది.

టేకు మొక్కలు చూసి కన్నయ్య తల గోక్కున్నాడు. "టేకు ఎందుకు తెచ్చిన్రు మేడం? మేకలు తినవు, మేం తినం. పెరిగినంక ఎవరో వచ్చి కొట్టుకపోతరు."

"మరి గుట్ట మీద ఏం నాటుదామనుకున్నారు?"

"ఏం నాటం" అంది సమ్మక్క. "కొట్టిన మోడుకు చిగురొస్తది మేడం. ముట్టకుంటె సాలు."

బతికున్న ఇరవై మూడు మొక్కల్ని వాళ్ళమ్మ గిన్నెలు కడిగే చోట వరుసగా పెట్టింది. వానలు పడ్డాక ఏదో ఒకటి చేస్తామంది, నా మనసు నొచ్చుకోకూడదని.

ఊట

పొద్దున గుట్ట ఎక్కాం. పోడు కొట్టిన పక్క అంతా ఎర్రమట్టి, రాళ్ళు తేలి ఉన్నాయి. రెండో పక్కకు తిరగ్గానే నేల మెత్తబడింది, గాలి చల్లబడింది. ఊట అంటే జలపాతం కాదు. ఒక పెద్ద రాతి కింద నుంచి, బిందె నిండటానికి పావుగంట పట్టేంత సన్నగా నీరు వస్తోంది. దాని పైనే నల్లమద్దులు, ఇప్పచెట్లు, నేను పేరు చెప్పలేని రెండు మూడు జాతులు. చాలావాటి బెరడు మీద తాజా గాట్లు.

సమ్మక్క ఒక గాటు మీద చెయ్యి పెట్టింది. "గిది మా నాయనది. మా నాయనది తప్పంటలేను మేడం. కింద ఉన్న చెలక మాకు ఆర్నెల్లకు గూడ సరిపోదు. ఇది లేకుంటె ఏం చేస్తడు? కని గిది కొడితె ఊరే ఉండదు."

"ఈ మాట ఆయనతో అన్నావా?"

"సగం అన్న. సగం అనేసరికి లేచిపోయిండు."

నేను రాసుకొచ్చిన ఉపన్యాసం ఆరు పేజీలు. దాంట్లో వేర్ల గురించి, ఆవిరి గురించి, మట్టి కోత గురించి ఉంది. భీమయ్య ఏం తినాలో లేదు. కొండ దిగేటప్పుడు నాకది మొదటిసారి గుబులు పుట్టించింది.

పంచాయితీ

మధ్యాహ్నం ఊరి పెద్ద సోమయ్య ఇంటి ముందు పందిట్లో అందరూ కూర్చున్నారు. ఒక పక్క మగవాళ్ళు, ఒక పక్క ఆడవాళ్ళు. నేను తెలుగులో చెబుతుంటే కన్నయ్య కోయలో చెప్పాడు. మూడో పేజీకి వచ్చేసరికి ఇద్దరు ముసలివాళ్ళు కునుకుతున్నారు. నాలుగో పేజీ దగ్గర సోమయ్య చెయ్యెత్తాడు.

"టీచరమ్మా, మీ ఊళ్ళె అడివున్నదా?"

"లేదు."

"మీ చేను గట్ల మీద చెట్లున్నయా?"

అబద్ధం చెబితే ఎవరికీ తెలియదు. ఆరుగురు పిల్లలూ నా వంకే చూస్తున్నారు.

"లేవు. మా నాన్న ఉన్నప్పుడు గట్ల మీద పద్దెనిమిది చింతచెట్లు ఉండేవి. పత్తికి నీడ తగులుతోందని కొట్టించి ఇటుక బట్టీకి అమ్మాం. నేనప్పటికే కాలేజీలో పాఠం చెబుతున్నాను. ఒక్క మాట అనలేదు. ఇప్పుడు మా బావిలో నీళ్ళు లేవు, బోరు వేశాం. అది తగ్గితే ఇంకా లోతుకి వేస్తాం. మాకు డబ్బు దొరుకుతుంది కాబట్టి గడుస్తోంది."

కన్నయ్య అది కోయలో చెప్పడానికి కొంచెంసేపు పట్టింది. కునికే ముసలివాళ్ళు కళ్ళు తెరిచారు. ఎవరూ నన్ను తప్పుపట్టలేదు. మిగతా రెండు పేజీలు సంచిలో పెట్టేశాను.

అప్పుడు ముత్తమ్మ లేచింది. నలభై దాటని మనిషి, చంకలో చిన్నది. "నీళ్ళు కావాలె, నాకు గూడ ఎరికే. చెలమ నీళ్ళు నా పిల్లలు గూడ తాగిన్రు. గుట్ట ఇడిస్తె వీళ్ళకేం పెట్టాలె? అది చెప్పున్రి."

ఆరుగురు పిల్లలూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నెలల తరబడి నీళ్ళ గురించే మాట్లాడుకున్నారు గాని ఈ ప్రశ్న వేసుకోలేదు.

కన్నయ్య తన అన్న లచ్చయ్య దగ్గరికి వెళ్ళి పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఇద్దరూ తల దగ్గర తల పెట్టి మాట్లాడుకున్నారు. దారి మలుపులో కొడుకును పోగొట్టుకున్నది ఆ లచ్చయ్యే. చాలాసేపటికి లచ్చయ్య నిలబడ్డాడు. అతని మాటలు సమ్మక్క నా చెవిలో తెలుగులో చెప్పింది. వాగు ఒడ్డున ఆ అన్నదమ్ములకు చదును చెలక ఉంది. దాంట్లో సగం రాళ్ళని వదిలేశారు. ఆ రాళ్ళ చెక్క ముత్తమ్మకు, భీమయ్యకు చెరిసగం ఇస్తామన్నాడు. రాళ్ళు ఏరే పని ఈ ఆరుగురిది. పంట చేతికొచ్చేదాకా ముత్తమ్మ పిల్లలకు ఆరిళ్ళ నుంచి జొన్నలు పోవాలి.

"ఆరిళ్ళు ఏవి?" అన్నాడు సోమయ్య.

"గుట్ట కొట్టొద్దన్నోళ్ళ ఇండ్లు" అన్నాడు లచ్చయ్య.

ఆ ఆరుగురి తల్లిదండ్రులు తమ పిల్లల వంక చూసిన చూపు నేను మరచిపోలేను. ఒక తల్లి ఏదో గొణిగింది. తరవాత తలూపింది. భీమయ్య తప్ప ఒక్కొక్కరే తలూపారు. ముత్తమ్మ ఏడవలేదు, దండం పెట్టలేదు. "రాళ్ళు బాగ ఏరాలె" అని కూర్చుంది.

సోమయ్య భీమయ్య వైపు తిరిగాడు. భీమయ్య నేల చూస్తున్నాడు. ఎవరైనా మాట్లాడేలోపే సమ్మక్క అంది, "మా నాయన గూడ గుట్ట కొట్టడు."

భీమయ్య తువ్వాలు దులిపి భుజాన వేసుకుని పందిట్లోంచి వెళ్ళిపోయాడు. మూడేళ్ళ దాకా గుట్ట రెండో పక్క ఎవరూ ముట్టకూడదని సోమయ్య తీర్పు చెప్పాడు. ముసలివాళ్ళు సరే అన్నారు. సమ్మక్కకు ఆ తీర్పు వినపడినట్టు లేదు. తండ్రి పోయిన వైపే చూస్తూ, "నేను అనకుంట ఉండాల్సింది మేడం. అందరి ముందట ఆయన మాట నేనన్న" అంది. ఆమె పద్దెనిమిదేళ్ళ పిల్ల అని ఆ రోజంతటిలో అప్పుడే గుర్తొచ్చింది నాకు.

తిరుగు దారి

భీమయ్య రాత్రి ఇంటికి రాలేదు. తెల్లవారి నేను బయలుదేరే వేళకు వచ్చాడు. చేతులు మోచేతుల దాకా మట్టి. నా సంచి తీసుకుని భుజాన వేసుకుని ముందు నడిచాడు. సమ్మక్క, నేను వెనక. నీళ్ళు తాగడానికి ఆగినప్పుడు ముంత నాకిచ్చాడు, నేను తాగి సమ్మక్కకిచ్చాను, ఆమె తాగి తండ్రికిచ్చింది.

చర్ల రోడ్డెక్కేసరికి బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. భీమయ్య సంచి లోపల పెట్టి దిగాడు. కిటికీలోంచి నేను దండం పెట్టాను, ఆయనా పెట్టాడు. బస్సు ఇంజను మొదలైంది. అప్పుడు ఆయన కూతురి వైపు తిరగకుండానే, రోడ్డు చూస్తూ, కోయలో నాలుగైదు మాటలు అన్నాడు.

సమ్మక్క ఓణీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏమన్నారమ్మా?" అన్నాను కిటికీలోంచి.

"రాళ్ళు చానా ఉన్నయట మేడం. రాత్రంతా ఏరినా మూల గూడ కాలేదట. రేపు పొద్దుగాల నేను, మా దోస్తులందరం రావాల్నట." ఆమె కొంగు దించింది. "గంప మరిచిపోవద్దన్నడు."